బీరువా తాళం ఎవరి చేతిలో ఉంది?

సాయంత్రం నాలుగున్నరకి పిల్లలు బడి నుంచి రాగానే మనం మొట్టమొదట ఏం చూస్తాం? టిఫిన్ బాక్సు! కూర వదిలేశాడా, పెరుగన్నం తిన్నదా అని మూత తీసి చూస్తాం. ఆ తర్వాత డైరీ, హోంవర్కు, యూనిట్ టెస్టు మార్కులు. అంతవరకూ బాగానే ఉంది. మరి "ఈ వారం లైబ్రరీ నుంచి ఏం పుస్తకం తెచ్చుకున్నావమ్మా?" అని మీరెప్పుడైనా అడిగారా?

నేనూ అడగలేదు. మార్కులు బాగానే వస్తున్నాయి కదా అని ఊరుకున్నాను. ఒకరోజు అనుకోకుండా అడిగాను. అడిగింది మా అమ్మాయిని కాదు, మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ కూతుర్ని. ఆ పిల్ల చెప్పిన జవాబు విన్న తర్వాత నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. ఆ సంగతి మీతో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

గడప మీద చదువు

ఆ పిల్లా, మా అమ్మాయీ ఒకే బడిలో ఆరో తరగతి. సాయంత్రం వాళ్ళమ్మ మా ఇంట్లో అంట్లు తోముతున్నంతసేపూ పెరటి గడప మీద కూర్చుని, మా అమ్మాయి తెచ్చుకున్న లైబ్రరీ పుస్తకం చదువుతూ ఉండేది. గిన్నెలు కడిగి బోర్లించిన చప్పుడు వినగానే పుస్తకం మూసి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది. మర్నాడు వచ్చి, ఆపిన చోటు వెతుక్కుని మళ్ళీ మొదలు. పిల్ల బుద్ధిమంతురాలని మురిసిపోయేదాన్నే తప్ప, ఇంకేం ఆలోచించలేదు.

"నువ్వెందుకు తెచ్చుకోవే?" అని అడిగాను ఒకరోజు.

"మా అమ్మ వద్దంది ఆంటీ" అంది తలొంచుకుని.

విషయం ఇదీ. పోయినేడాది ఆ పిల్ల కూడా ఒక బొమ్మల పుస్తకం ఇంటికి తెచ్చుకుంది. ఆ రాత్రి వాన. రేకుల ఇల్లు కారింది. బియ్యం డబ్బా, బట్టల మూట గబగబా సర్దుకున్నారు గానీ పుస్తకం నానిపోయింది. బడిలో 150 రూపాయలు కట్టమన్నారు. వాళ్ళమ్మ కట్టింది. "ఇంకోసారి బడి పుస్తకం ఇంటికి తెచ్చావంటే ఊరుకోను" అని కూతురికి గట్టిగా చెప్పింది.

ఆ 150 రూపాయలు ఎక్కడివో తెలుసా? నా దగ్గర అడ్వాన్సు తీసుకున్నవే! ఎందుకని నేను అడగలేదు. ఒకటో తారీఖున జీతంలో కోసుకుని మిగతాది చేతిలో పెట్టాను.

మాస్టారి భయం మాస్టారిది

మర్నాడే బడికి వెళ్ళాను. కాస్త కోపంగానే వెళ్ళాను. అక్కడ ప్రత్యేకంగా లైబ్రేరియన్ అంటూ లేరు. డ్రాయింగు మాస్టారి దగ్గర తాళంచెవి ఉంది. స్టాఫ్ రూములో రెండు ఇనప బీరువాలు. అదే లైబ్రరీ!

"మీరు కోప్పడితే నేనేం చెప్పను? పుస్తకాలన్నీ స్టాకు రిజిస్టరులో ఉంటాయి. లెక్క తగ్గితే నన్నే అడుగుతారు. అందుకే నలిపెయ్యరనుకున్న పిల్లలకే ఇస్తుంటాను" అన్నారాయన. అబద్ధం చెప్పలేదు. ఆయన భయం ఆయనది.

కానీ "నలిపెయ్యరనుకున్న పిల్లలు" అంటే ఎవరు? గట్టి కప్పున్న ఇంట్లో ఉండేవాళ్ళు. సొంత బల్లా, పుస్తకాల అరా ఉన్నవాళ్ళు. పుస్తకం పోతే కొనిచ్చే అమ్మానాన్నలున్నవాళ్ళు. అంటే ఇంట్లో పుస్తకాలున్న పిల్లలకే బడి కూడా పుస్తకాలిస్తోంది. ఇంట్లో ఒక్క పుస్తకం లేని పిల్లకి బీరువా అద్దంలోంచి అట్టలు చూసే భాగ్యం మాత్రమే. ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు. అయినా అన్యాయం జరుగుతూనే ఉంది.

పంక్తిలో వడ్డన

"రూలు అందరికీ ఒకటే కదండీ! తడిపినవాళ్ళు ఎవరైనా కట్టాల్సిందే" అని మా వారు అన్నారు. మీకూ అలాగే అనిపించవచ్చు. ఒక్కసారి మన వంటింట్లోకి వచ్చి ఆలోచించండి.

ఇంట్లో అన్నం ఒక్కటే వండుతాం. కానీ అందరికీ ఒకేలా వడ్డిస్తామా? చంటివాడికి పప్పూ నెయ్యీ వేసి మెత్తగా కలిపి గోరుముద్దలు పెడతాం. షుగరున్న మామగారికి అన్నం తగ్గించి కూర ఎక్కువ వేస్తాం. పళ్ళు లేని అత్తగారికి చారన్నం గుజ్జుగా పిసికి ఇస్తాం. "అందరికీ ఒకటే రూలు, ఆవకాయన్నం తింటే తినండి, లేకపోతే లేదు" అంటామా? ఎవరి ఆకలి ఎలాంటిదో చూసి పెట్టడమే వడ్డన.

లైబ్రరీ కూడా వడ్డనే. అందరికీ ఒకే నిబంధన పెట్టడం సమానత్వంలా కనిపిస్తుంది. ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ పుస్తకం చదవగలిగేలా చూడటమే అసలైన న్యాయం. 150 రూపాయల జరిమానా ఒక ఇంట్లో ఒక పిజ్జా ఖరీదుకి కూడా రాదు. ఇంకో ఇంట్లో అది మూడు నాలుగు రోజుల కూరగాయలు. అమెరికాలో షికాగో నగర గ్రంథాలయం వాళ్ళు 2019లో ఆలస్య రుసుం పూర్తిగా ఎత్తేశారు. అంత పెద్ద ఊళ్ళో చేయగలిగినప్పుడు రెండు బీరువాల లైబ్రరీలో మనం చేయలేమా?

ఇది మనకి కొత్త కాదు

ఇవేవో కొత్త మాటలని అనుకోకండి. గ్రంథాలయాల విషయంలో తెలుగువాళ్ళం ఒకప్పుడు దేశానికే దారి చూపించాం. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు బెజవాడలో గ్రంథాలయాల వాళ్ళందరినీ ఒకచోట చేర్చి మహాసభ జరిపించారు. ఆ సభకి అధ్యక్షులెవరో తెలుసా? చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. ఆయనకి చూపు సరిగా ఉండేది కాదు. తర్వాతి కాలంలో పూర్తిగానే పోయింది. అందుకే ఆయన్ని ఆంధ్ర మిల్టన్ అన్నారు. 1909లోనే రాజమండ్రిలో దళితుల పిల్లల కోసం బడి పెట్టింది కూడా ఆయనే. చూపు లేని మనిషీ, చదువుకు దూరంగా ఉంచిన పిల్లలూ, గ్రంథాలయమూ, ఈ మూడూ ఒక్క జీవితంలో కలిశాయి చూడండి!

1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలవలో పడవ మీద లైబ్రరీ నడిపించారు. పుస్తకం దగ్గరికి మనిషి రాలేకపోతే, మనిషి దగ్గరికే పుస్తకం వెళ్ళాలన్నది ఆయన ఆలోచన.

మన పొరుగు తమిళనాడులో పుట్టిన రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయాలకి అయిదు సూత్రాలు చెప్పారు. పుస్తకాలున్నది ఉపయోగించడానికేననీ, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలనీ, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలనీ వాటి సారం. బీరువాలో పెట్టి తాళం వేసుకోమని ఆ అయిదింటిలో ఎక్కడా లేదు!

అద్దమూ, కిటికీ

తాళం తీస్తే సరిపోతుందా? లోపల ఏ పుస్తకాలున్నాయో కూడా చూడాలి కదా. మాస్టారి అనుమతితో ఆరోజు ఒక గంటసేపు అరలు తిరగేశాను. రాజుగారూ ఏడు చేపలూ, పరమానందయ్య శిష్యులూ, తెనాలి రామలింగడూ ఉన్నారు. నాకూ ఇష్టమైనవే. కొన్ని ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలున్నాయి. వాటిలో పిల్లలు మంచులో ఆడుకుంటున్నారు. కొత్త తెలుగు పుస్తకాల్లో అమ్మ ఎప్పుడూ పొయ్యి దగ్గర, నాన్న ఎప్పుడూ కుర్చీలో పేపరుతో! మీ ఇంట్లోనూ అంతేనంటారా? అయితే మీ వారికి ఈ పేజీ చూపించండి.

సరే, నవ్వులకేం గానీ, అంట్లు తోమే అమ్మ ఉన్న కథ ఒక్కటీ కనిపించలేదు. రంజానుకి సేమ్యా ఖీర్ వండే ఇల్లు లేదు. చక్రాల కుర్చీలో కూర్చున్న పిల్లాడు లేడు. కొండ మీది గూడెం లేదు.

1990లో అమెరికాలో రూడిన్ సిమ్స్ బిషప్ అనే ఆచార్యురాలు చక్కటి పోలిక చెప్పారు. పిల్లల పుస్తకం కొన్నిసార్లు కిటికీలా ఉండాలి, కొన్నిసార్లు అద్దంలా ఉండాలని. కిటికీలోంచి చూస్తే ఎదుటివాళ్ళ ఇల్లు కనిపిస్తుంది. అద్దంలో చూస్తే మన ముఖం కనిపిస్తుంది. ఒక పిల్ల ఎన్ని పుస్తకాలు చదివినా తన ముఖం ఎక్కడా కనిపించకపోతే, "చదువు నాలాంటివాళ్ళ కోసం కాదు కాబోలు" అనుకుంటుంది. అన్ని పుస్తకాల్లోనూ తన ముఖమే కనిపించే పిల్లకి కూడా నష్టమే. పక్కింటి పిల్ల ఎలా బతుకుతోందో ఆమెకి తెలియకుండా పోతుంది. మా అమ్మాయి సంగతి అదే కదా! రోజూ తన పుస్తకమే చదువుతున్న స్నేహితురాలు ఎందుకు గడప మీదే కూర్చుంటోందో దానికి ఎప్పుడూ తోచలేదు. నాకే తోచలేదు, దానికెలా తోస్తుంది?

మంచి పుస్తకాలు లేవా అంటే, ఉన్నాయి. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో, పిల్లల పుస్తకాల్లో మామూలుగా కనిపించని ఇళ్ళ కథలను పిల్లల కోసం బొమ్మలతో తీసుకొచ్చింది. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివారి కథలు వాటిలో ఉన్నాయి. కాస్త పెద్ద పిల్లలైతే ఖదీర్‌బాబుగారి 'దర్గామిట్ట కతలు' చదవొచ్చు. నెల్లూరు జిల్లాలో ఒక ముస్లిం కుర్రాడి చిన్నతనం కళ్ళకి కడుతుంది. నామినిగారి 'సినబ్బ కతలు' చిత్తూరు పల్లె మాటలో ఉంటాయి. జపాను రచయిత్రి కురొయనాగి రాసిన పుస్తకం 'రైలుబడి' పేరుతో తెలుగులో వచ్చింది. అందులో పోలియో వచ్చిన పిల్లాడిని చిన్నారి టొట్టోచాన్ చెట్టెక్కించే ఘట్టం మీరు చదివినా కళ్ళు చెమరుస్తాయి.

ఇంటి భాష, బడి భాష

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం కదా! అది గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. వాడుక తెలుగు కోసం ఆయన పోరాడారని అందరికీ తెలుసు. పర్లాకిమిడి ప్రాంతంలో సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సవర పిల్లలకి బడులు పెట్టించిన సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. ఇంట్లో సవర మాట్లాడే పిల్లకి బడిలో మొదటిరోజే తెలుగు పుస్తకం ఇస్తే, మనకి మొదటిరోజే గ్రీకు పుస్తకం ఇచ్చినట్టుంటుంది.

2004లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 8 గిరిజన భాషల్లో పిల్లలకి చదువు చెప్పే కార్యక్రమం మొదలైంది. సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా. ఇవాళ పట్నం బడుల్లోనూ హిందీ, ఒడియా, ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పిల్లలు కూర్చుంటున్నారు. వాళ్ళ భాషలో నాలుగు పుస్తకాలు అరలో ఉంటే ఆ పిల్ల ముఖం ఎలా విప్పారుతుందో చూడండి. 2015లో మొదలైన స్టోరీవీవర్ అనే ఇంటర్నెట్ చోటులో చాలా భాషల్లో పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీసుకుని కుట్టుకుంటే అదే పుస్తకం.

చదవలేని పిల్లలా? చదవనివ్వని పుస్తకాలా?

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకు ముందు చట్టంలో 7 మాత్రమే ఉండేవి. పైకి కనిపించని ఇబ్బందులు కూడా ఇప్పుడు ఆ జాబితాలో ఉన్నాయి. అక్షరాలు, మాటలు పోల్చుకుని చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా వాటిలో ఒకటి. అలాంటి పిల్లాడిని "మొద్దు" అనీ, "బద్ధకం" అనీ ఎంతమంది అనలేదు! అతనికి కావలసింది పెద్ద అక్షరాలు, తక్కువ వాక్యాలు, పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించే గొంతు. చెవితో కథ విన్నా చదువే. మన అమ్మమ్మలు భారతం విన్నది చెవులతోనే కదా!

చూపు లేని పిల్లల కోసం పుస్తకాలను బ్రెయిల్‌లోకో, వినే రూపంలోకో మార్చుకోవడానికి 2012లో మన కాపీరైటు చట్టాన్ని సవరించారు. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. అచ్చు పుస్తకం చదవలేనివాళ్ళు అందులో సభ్యులు కావచ్చు. మీకు తెలిసిన ఇంట్లో అలాంటి పిల్లలుంటే వాళ్ళమ్మకి ఈ కబురు చేరవేయండి.

ఇంకో చిన్న విషయం. మీ పిల్లల బడిలో లైబ్రరీ ఏ అంతస్తులో ఉంది? రెండో అంతస్తులో ఉంటే, కాలు బాగా లేని పిల్ల అక్కడికి ఎలా వెళ్తుంది? కింద గదిలోకి ఒక బీరువా దించితే పోయేదేముంది?

అడిగే హక్కు మనకుంది

"మనం అడిగితే వింటారా?" అనుకోకండి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రతి బడిలోనూ గ్రంథాలయం ఉండాలంటోంది. అందులో పత్రికలు, అన్ని విషయాల పుస్తకాలు, కథల పుస్తకాలు ఉండాలని కూడా స్పష్టంగా రాసి ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. మొత్తం కమిటీలో సగం మంది ఆడవాళ్ళు. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకి తగిన చోటివ్వాలని కూడా చట్టంలోనే ఉంది. ప్రైవేటు బడి అయితే తల్లిదండ్రుల సమావేశంలో మార్కులతో పాటు ఈ మాట కూడా ఎత్తండి.

ఇంటిపన్ను రసీదు ఎప్పుడైనా చూశారా? అందులో గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీల కోసమే. అంటే ఊళ్ళో ఉన్న శాఖా గ్రంథాలయం మన డబ్బుతో నడుస్తున్నదే. సెలవుల్లో పిల్లల్ని అక్కడికి పంపండి. వెంట మరో ఇద్దరిని కూడా!

మనం చేయగలిగినవి

* లైబ్రరీ పీరియడ్‌లో లెక్కలు చెబుతున్నారేమో కనుక్కోండి. ఆ పీరియడ్ పిల్లలదే.
* ర్యాంకుల్ని బట్టి, డిపాజిట్టుని బట్టి పుస్తకాలివ్వడం మానమని అడగండి. చినిగితే డబ్బు బదులు అతికించి ఇచ్చే పద్ధతి పెట్టమనండి.
* పుట్టినరోజుకి చాక్లెట్ల బదులు ఒక పుస్తకం బడికివ్వండి. పాతబడి మీరు వద్దనుకున్న గైడ్లు మాత్రం ఇవ్వకండి! మన పిల్లకి ఏది కొంటామో అదే ఇద్దాం.
* ఆడపిల్లకి వంటల పుస్తకం, మగపిల్లాడికి సైన్సు పుస్తకం అని ఏరి ఇవ్వకండి. వంట నేర్చిన కొడుకు కోడలికి వరం.
* నెలకొకసారి ఒక అమ్మ బడికి వెళ్ళి కథ చెప్పే ఏర్పాటు చేయించండి. చదువురాని అమ్మలు కూడా వెళ్ళాలి. వాళ్ళ దగ్గరున్న కథలు ఏ బీరువాలోనూ లేవు.
* పుస్తకాల మధ్య ఎండిన వేపాకులు వేస్తే పురుగు పట్టదంటారు. చినిగిన పేజీకి సెల్లోటేపు వద్దు, కొన్నాళ్ళకి పసుపు మరక కడుతుంది. పల్చటి కాగితం ముక్కకి మైదా జిగురు రాసి అతికించండి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకుండా, పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టండి.

చివరికి ఏమైంది?

మీరు అడుగుతారని తెలుసు. మా బడిలో అన్నీ మారిపోలేదు. నలుగురు అమ్మలం వెళ్ళి హెడ్మాస్టరుగారితో మాట్లాడాం. ఆ నలుగురిలో మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూడా ఉంది. మొదట రానంది. "మీరుండగా నేనెందుకమ్మగారూ" అంది. వచ్చాక మాత్రం అందరికంటే సూటిగా మాట్లాడింది. "నా బిడ్డ కావాలని తడపలేదు సార్. కప్పు కారింది" అంది. ఆ మాటకి ఎవరి దగ్గరా సమాధానం లేదు.

జరిమానా ఎత్తేశారు. నెలలో రెండో శనివారం మేం వెళ్ళి పుస్తకాలకి అట్టలు వేసి, చిరిగినవి అతికిస్తున్నాం. రెండు పుస్తకాలు పోయాయి. మాస్టారు కాస్త బెంగపడ్డారు గానీ తాళం మళ్ళీ వేయలేదు. ఎండాకాలం సెలవులకి పుస్తకాలివ్వడానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. అడుగుతూనే ఉన్నాం.

ఆ 150 రూపాయలు వాళ్ళమ్మ చేతిలో పెట్టబోయాను. "పోయినేటి సంగతి ఇప్పుడెందుకమ్మగారూ" అని తీసుకోలేదు. ఆ డబ్బుతో ఆ తడిసిన బొమ్మల పుస్తకమే కొత్తది కొని బీరువాలో పెట్టాం. ఆ పిల్ల ఇప్పుడు వారానికో పుస్తకం తెచ్చుకుంటోంది. సంచిలో ఎప్పుడూ ఒక పాలిథీన్ కవరు మడిచి పెట్టుకుంటుంది, వానొస్తే పుస్తకానికి తొడగడానికి. గడప మీద కాదు, మా అమ్మాయి పక్కనే మంచం మీద కూర్చుని చదువుతోంది. అది మాత్రం బడిలో కాదు, మా ఇంట్లో మారవలసిన సంగతి.

ఈ సాయంత్రం టిఫిన్ బాక్సు మూత తీశాక, మీ పిల్లల్ని రెండు ప్రశ్నలు అడగండి. "నువ్వేం పుస్తకం తెచ్చుకున్నావు?" అని ఒకటి. "మీ క్లాసులో పుస్తకం దొరకని వాళ్ళెవరు?" అని రెండోది. ఆ రెండో ప్రశ్నకి వచ్చే జవాబు మాత్రం శ్రద్ధగా వినండి.